గేర్‌బాక్సుకు ఒక నూనె, క్రౌన్‌కు ఒక నూనె

అక్కల్‌కోట్ రోడ్డు మీద గ్యారేజీ పెట్టి ఇరవై ఏళ్లు దాటింది. మొదట్లో నా దగ్గరికి టెంపోలు, రిక్షాలు, జీపులే వచ్చేవి. అన్నీ చద్దర్లు, టవళ్ల గట్టాలు మోసే బండ్లు. ఈ అయిదారేళ్లుగా మన పేటల పిల్లలు జోరు కార్లు కొంటున్నారు. పుణెలో నౌకరీ, అక్కడే సెకండ్ హ్యాండ్‌లో ఒక టర్బో కారు, దసరాకు దాంట్లోనే ఇంటికి రావడం. "కాకా, ఇంజన్ ఆయిల్ మంచిది పోయించిన, ఇంకేం చూడాలె?" అని అడుగుతారు. "గేర్ ఆయిల్ ఎప్పుడు మార్చినవ్ రా?" అంటే నా మొహం చూస్తారు.

ముందు డిఫరెన్షియల్ సంగతి చెప్తాను. మన మెకానిక్‌లు క్రౌన్ అంటారు. ఇది మోటారు వాళ్ల సొత్తు అనుకుంటాం గానీ, నూలు మిల్లుల్లో ఇంకా ముందు నుంచే ఉంది. మోటారు కారు పుట్టింది 1886లో. అమెరికాలో ఆజా ఆర్నాల్డ్ అనే ఆయన 1823లోనే నూలు యంత్రాలకు డిఫరెన్షియల్ తయారుచేశాడు. మా నాయిన పనిచేసింది స్పీడ్ ఫ్రేమ్ ఖాతాలో. ఆ ఖాతాలో చేసిన పెద్దలను ఎవరినైనా అడగండి, బాబిన్ నిండేకొద్దీ లావైతది, ఫ్లయర్ మాత్రం ఒకే వేగంతో తిరుగుతది అని చెప్తారు. బాబిన్ వేగం కొంచెం కొంచెంగా మారకపోతే రోవింగ్ సాగి తెగుతుంది. ఫ్లయర్ వైపు తిరుగుడు ఒకటి, కోన్ డ్రమ్ము నుంచి వచ్చే తిరుగుడు ఇంకొకటి, రెంటినీ కలిపి బాబిన్‌కు ఎంత కావాలో అంత ఇచ్చే గేర్ల పెట్టె ఒకటి ఉండేది. అదే డిఫరెన్షియల్. కారులో దాని పని ఉల్టా: వచ్చే తిరుగుడు ఒకటి, పంచేది రెండు చక్రాలకు. మలుపులో బయటి చక్రం ఎక్కువ దూరం పోవాలి, లోపలిది తక్కువ.

ఇప్పుడు నూనె. టాటా ఏస్, బొలెరో లాంటి వెనుక చక్రాలతో నడిచే బండ్లలో గేర్‌బాక్సు ముందు, క్రౌన్ వెనుక ఉంటాయి. క్రౌన్‌లో పినియన్ నడిమధ్యలో కాకుండా కొంచెం కిందికి కూర్చుంటుంది. దీన్ని హైపాయిడ్ అంటారు. పళ్లు ఒకదాని మీద ఒకటి ఒత్తుకోవడమే కాదు, గట్టిగా రాసుకుంటాయి కూడా. ఆ ఒత్తిడికి మామూలు నూనె పొర చిరిగిపోతుంది. అందుకని గంధకం, ఫాస్ఫరస్ కలిపిన మందులు వేస్తారు. వేడికి అవి ఉక్కు మీద పలుచని పొర కట్టి పళ్లను కాపాడతాయి. డబ్బా మూత తీయగానే వచ్చే ఆ కంపు గంధకానిదే. ఈ మందు ఎక్కువగా ఉన్న నూనె మీద జీఎల్-5 అని రాసి ఉంటుంది. జీఎల్-4లో సుమారు సగమే ఉంటుంది.

పేచీ ఇక్కడే. "నాలుగు కంటే అయిదు పెద్దది గదా, అదే పోయ్" అంటారు కౌంటర్ మీద. ఇవి పరీక్ష మార్కులు కావు. మాన్యువల్ గేర్‌బాక్సులో సింక్రో రింగులు చాలా బండ్లలో ఇత్తడివి. వేడెక్కినప్పుడు గంధకం ఇత్తడిని తింటుంది. ఇప్పటి మంచి జీఎల్-5 నూనెల్లో ఆ గుణం తగ్గించారు, ఒప్పుకుంటాను. కానీ ఇంకో చిక్కు ఉంది. రింగు పనే రాపిడితో గేరు వేగాన్ని సరిచేయడం. నూనె మరీ జారుడైతే రింగు పట్టదు, గేరు కర్రుమంటుంది.

మా పక్క గల్లీ పిల్లవాడి కారుకు ఇదే అయింది. పుణెలో ఎవరో జీఎల్-5 పోశారు. ఏడాదిలోపే మూడో గేరు కర్రుమనడం మొదలైంది. నేను నూనె దింపితే బంగారు పొడి కలిపినట్టు మెరిసింది. అదంతా రింగుల ఇత్తడే. గేర్‌బాక్సు దింపి రింగులు మార్చాల్సి వచ్చింది. ఆ పైసలు వాళ్లమ్మ బీడీలు చుట్టి కూడబెట్టినవి.

మన పిల్లలు కొనే జోరు కార్లు ఎక్కువ భాగం ముందు చక్రాలవే. వాటిలో గేర్‌బాక్సు, డిఫరెన్షియల్ ఒకే డబ్బాలో, ఒకే నూనెలో ఉంటాయి. లోపల సాధారణంగా హైపాయిడ్ ఉండదు కాబట్టి జీఎల్-5 మందు దానికి అవసరమే లేదు. జీఎల్-4 గానీ, కంపెనీ సొంత నూనె గానీ చాలు. హోండా మాన్యువల్‌కు ఎంటీఎఫ్ అని దాని నూనె దానిదే. డ్యూయల్ క్లచ్ ఆటోమేటిక్‌లో మామూలు గేర్ ఆయిల్ అసలే పోయొద్దు. పుస్తకంలో ఏ నంబరు రాసి ఉంటే అదే. కొన్ని బండ్లకు లోపల ప్లేట్లున్న ఎల్‌ఎస్‌డీ డిఫరెన్షియల్ ఉంటుంది. దాని నూనెలో ఫ్రిక్షన్ మాడిఫయర్ కలిసి ఉండాలి, లేకుంటే మలుపులో గడగడలాడుతుంది.

ఇక డబ్బా మీది అంకెలు. గేర్ ఆయిల్ 90 అంటే ఇంజన్ ఆయిల్ 40 కంటే రెట్టింపు చిక్కన అనుకోకండి. కొలత బద్దలే వేరు. వేడి మీద 90 గేర్ నూనె ఇంజన్ నూనె 40, 50 దగ్గరదగ్గరే ఉంటుంది. 75డబ్ల్యూ-90లో మొదటి అంకె చలికాలం లెక్క. మైనస్ 40 డిగ్రీల్లోనూ పారాలని. సోలాపూర్‌కు ఆ బాధ లేదు. అయినా 75డబ్ల్యూ-90లు ఎక్కువగా సింథటిక్ నూనెలు, మే నెల ఎండలో తుల్జాపూర్ ఘాట్ ఎక్కే బండిలో తొందరగా చెడిపోవు. జోరుగా తోలేవాడు దానికి పెట్టే పైసలు వృథా కావు. (హైదరాబాద్ రోడ్డు మీద 140 కొట్టడం నాకు నచ్చదు, అది వేరే సంగతి.)

సెకండ్ హ్యాండ్ కొనేటప్పుడు ఒక మోసం గమనించండి. అరుస్తున్న గేర్‌బాక్సులో 140 లాంటి మందపు నూనె పోసి అమ్ముతారు. కొన్నాళ్లు చప్పుడు వినబడదు. పొద్దున చల్లటి బండి తోలి చూడండి, గేరు బరువుగా పడితే అనుమానించాలి.

మార్చేటప్పుడు నూనె పోసే బోల్టు ముందు విప్పండి, తర్వాతే కింది డ్రెయిన్ బోల్టు. కింద నూనె వదిలేశాక పైది ఊడకపోతే బండి అక్కడే కూర్చుంటుంది. డ్రెయిన్ బోల్టు అయస్కాంతం మీద బూడిద రంగు ముద్ద ఉంటే భయం లేదు, ముక్కలుంటే ఉంది. నూనె పాల రంగులో ఉంటే వాన నీళ్లు పోయినట్టు. చాలా బండ్లలో పోసే రంధ్రం అంచు దాకా నిండితే సరిపోతుంది, బండి మాత్రం సమంగా నిలబడి ఉండాలి.

దింపిన నూనె కోసం కార్ఖానా వాళ్లు డబ్బా పట్టుకొని వస్తారు, మగ్గాలకు పనికొస్తదని. నేను ఇవ్వను. మగ్గం బుష్ ఇత్తడిదైతే ఆ గంధకం దానికీ మంచిది కాదు. తెల్ల టవల్ మీద ఆ నల్ల నూనె చుక్క పడితే ఉతికినా పోదు, ఆ పీసు సెకండ్స్‌లోకే.