కృష్ణ పదార్థము - అనుమాన ప్రమాణము

‘కృష్ణ పదార్థము’ అను పేరు విని, అది శ్రీకృష్ణ పరమాత్మయే యనియు, ఋగ్వేదమందలి నాసదీయ సూక్తమున చెప్పబడిన తమస్సు అదియే యనియు కొందరు భక్తులు తలచుచున్నారు. విచారింతము.

ఇచ్చట కృష్ణ శబ్దము వర్ణవాచకము. ఆ పదార్థము కాంతిని వెలువరింపదు, గ్రహింపదు గనుక ఆ పేరు వచ్చినది. 1933లో ఫ్రిట్జ్ జ్వికీ అను ఖగోళ శాస్త్రజ్ఞుడు కోమా గెలాక్సీల సమూహమును పరిశీలించెను. అందలి గెలాక్సీల వేగము మిక్కిలి అధికము. కనబడు పదార్థపు ఆకర్షణ వానిని పట్టి ఉంచజాలదు. కనుక కనబడనిది మరియొకటి కలదని ఆయన నిర్ణయించెను. పొగను చూచి నిప్పును గ్రహించునట్టి అనుమాన ప్రమాణమిది. ప్లాంక్ ఉపగ్రహపు కొలతల ప్రకారము విశ్వమున సామాన్య పదార్థము సుమారు 5 శాతము, కృష్ణ పదార్థము 27 శాతము. మిగిలినది కృష్ణ శక్తి యందురు.

విశ్వారంభమున సామాన్య పదార్థము కాంతి ఒత్తిడిచే కూడుకొనలేకుండెను. ఆ ఒత్తిడి సోకని కృష్ణ పదార్థము ముందే గుమిగూడెను. సుమారు 3,80,000 సంవత్సరములకు కాంతి విడివడగా, సామాన్య పదార్థము ఆ ఆకర్షణకు లోబడి చేరి, క్రమముగా గెలాక్సీలైనది.

కృష్ణ పదార్థము ఏ కణములతో కూడినదో నేటికిని తేలలేదు. నాసదీయ సూక్తము సైతము సందేహముతోనే ముగియును. తేలని సిద్ధాంతమునకు వేదమును ముడివేసినచో, రేపు సిద్ధాంతము మారినపుడు వేదార్థమును గూడ మార్చవలసి వచ్చును. భక్తులు రెంటిని వేర్వేరుగా గౌరవింతురు గాక!