ఇంటి కంప్యూటరుకు ఇంటర్నెట్ ఆగినపుడు

మొన్నటి ఖరీఫులో, వేరుశనగ విత్తు రోజులలో, మా మండలములోని ఒక పెద్ద రైతు నాకు ఫోను చేసినాడు. ముందు విత్తిన చేనికి పంటల బీమా నమోదు చేయుటకు ఆ దినమే గడువు. క్రిందటి రాత్రి వాన కురిసి మిగిలిన చేనికి మంచి పదును వచ్చినది. గొర్రు, కూలీలు సిద్ధముగా నున్నారు. కాని ఇంటిలోని కంప్యూటరుకు ఇంటర్నెట్ రాలేదు.

"నెట్టు రాలేదని ఆ డబ్బా వెనక బొక్కలో పిన్నీసు పెట్టి నొక్కినా సార్. అప్పటినుంచి మా పిల్లోని ఫోనుకు గూడా రాకుండా పోయింది" అన్నాడు.

ఆయన మండల కేంద్రమునకు పోయి, వరుసలో నిలిచి, సాయంత్రమునకు దరఖాస్తు ముగించుకొన్నాడు. విత్తనము ఆ దినము పడలేదు. మరునాడు నేను వెళ్లి చూడగా అసలు లోపము రూటరు నుండి కంప్యూటరునకు పోవు తీగలో నున్నది. బియ్యపు మూటల వెనుక ఎలుక కొరికినది. తీగ మార్చుటకు పది నిమిషములు చాలును. పిన్నీసుతో చేసిన రెండవ తప్పును సరిచేయుటకు రెండు దినములు పట్టినది.

గ్రామ పంచాయతీలను ఆప్టికల్ ఫైబరుతో కలుపు పథకమును కేంద్ర ప్రభుత్వము 2011లో ఆమోదించినది. దానినే నేడు భారత్‌నెట్ అనుచున్నాము. ఇట్టి పథకముల వలనను, ప్రైవేటు కంపెనీల వలనను తీగ కనెక్షనులు పల్లె ఇండ్లకు చేరినవి. కావున ఇది ఆగినపుడు ఏమి చేయవలెనో రైతులును, గ్రామోద్యోగులును తెలిసికొని యుండుట అవసరము.

మొక్క వాడినపుడు తెగులు వేరులోనిదా, ఆకులోనిదా అని మొదట చూతుము గదా. ఇక్కడను అట్లే లోపము ఇంటిలోనిదా, బయటిదా అని తేల్చుకొనవలెను. ఫోనులో మొబైలు డేటా ఆపి, అదే రూటరు వైఫైతో కలిపి చూడుడు. ఫోనుకు వచ్చి కంప్యూటరునకు రాకున్నచో బయటి లైను బాగుగా నున్నట్లే. లోపము రూటరునకు, కంప్యూటరునకు నడుమ నున్నది, లేదా కంప్యూటరులోనే యున్నది. రెండింటికిని రాకున్నచో ఫైబరు వచ్చి చేరు పెట్టెపై దీపములు చూడవలెను. "లాస్" అను దీపము ఎర్రగా వెలిగినను, మిణుకుమిణుకు మన్నను ఫైబరులో వెలుతురు రావడము లేదని అర్థము. ఎక్కడనో ఫైబరు తెగి యుండును, లేదా ఎక్కువగా వంగి యుండును. అప్పుడు ఇంటిలో కుస్తీ పట్టి లాభము లేదు. దీపము రంగు, ఆగిన వేళ చెప్పి కంపెనీకి ఫిర్యాదు చేయవలెను. ఫైబరు కొనను కంటికెదురుగా పెట్టి చూడరాదు.

లోపము ఇంటిలోనిదైనచో కంప్యూటరు వెనుక తీగ దూర్చిన చోట చిన్న దీపము వెలుగుచున్నదా చూడుడు. వెలుగకున్న తీగను ఊడదీసి, "టక్" మని శబ్దము వచ్చువరకు మరల దూర్చవలెను. కొనపై ప్లాస్టిక్ నాలుక విరిగినచో తీగ కూర్చున్నట్లే కనిపించి జారిపోవుచుండును. పిదప రూటరులో వేరొక రంధ్రమునకు మార్చి చూడవలెను. ఉరుముల వానలో ఒక్క రంధ్రమే కాలిపోవుటయు కలదు. చివరకు వేరొక తీగ వేసి చూడవలెను. ఈ తీగలో 8 సన్నని పోగులు, 4 జతలుగా నుండును. 100 మెగాబిట్ల వేగమునకు రెండు జతలు చాలును గాని, 1000 మెగాబిట్లకు నాలుగును కావలెను. అందుచేత ఒక పోగు తెగినపుడు ఇంటర్నెట్ పూర్తిగా ఆగక, వేగము మాత్రమే తగ్గుట కూడ జరుగును. పశువుల కొట్టము దాటించి దూరము లాగువారు 100 మీటర్లకు మించరాదు.

దీపము వెలిగియు పని జరుగకున్న, రూటరునకు కరెంటు తీసి, ఒక నిమిషము ఆగి, మరల ఇచ్చి, ఐదు నిమిషములు వేచియుండుడు. చాల లోపములు దీనితోనే పోవును. వెనుకనున్న రీసెట్ రంధ్రము జోలికి మాత్రము పోవద్దు. దానిని నొక్కి పట్టినచో కంపెనీ వారు అమర్చిన పేరు, పాస్‌వర్డు చెరిగిపోవును. కరెంటు తీసి ఇచ్చుట వేరు, రీసెట్ వేరు.

అప్పటికిని రాకున్న, విండోస్ కంప్యూటరులో కమాండ్ ప్రాంప్ట్ అను నల్లని తెర తెరచి "ఐపీకాన్ఫిగ్" అని ఇంగ్లీషులో టైపు చేయవలెను. వచ్చిన చిరునామా 169.254తో మొదలైనచో రూటరు నుండి చిరునామా అందక, కంప్యూటరు తానే ఒకటి కల్పించుకొన్నదని అర్థము. అప్పుడు తీగను, రూటరును మరల చూడవలెను. 192.168తో మొదలైనచో సాధారణముగా రూటరు వరకు దారి బాగున్నట్లే. పిదప "పింగ్ 8.8.8.8" అని టైపు చేయుడు. జవాబు వచ్చుచుండియు వెబ్‌సైటులు పేరుతో తెరచుకొనకున్నచో, పేరును అంకెగా మార్చు డీఎన్ఎస్ ఏర్పాటులో లోపమున్నదని తలచవచ్చును.

మరియొక తమాషా లోపము కలదు. పాత కంప్యూటరులో 3 వోల్టుల బిళ్ల బ్యాటరీ అయిపోయినచో తేదీ ఎన్నో ఏండ్లు వెనుకకు పోవును. తేదీ తప్పైనపుడు, ఇంటర్నెట్ వచ్చుచున్నను, బ్యాంకులు, ప్రభుత్వ శాఖల సైటులు భద్రత లేదని చెప్పి తెరచుకొనవు. ఒక గ్రామోద్యోగి ఇందుకై వారము రోజులు కంపెనీని తిట్టుచు కూర్చున్నాడు. తేదీ దిద్దగానే పని జరిగినది.

ఉరుములు వినబడగానే కరెంటు ప్లగ్గులతో పాటు కంప్యూటరు తీగను కూడ ఊడదీయవలెను. గాజు ఫైబరులో విద్యుత్తు పారదు గాని, కరెంటు తీగల ద్వారాను, ఈ రాగి తీగ ద్వారాను పిడుగుపాటు దెబ్బ చేరగలదు.

పై రైతు కొత్త తీగను పాత పైపు ముక్కలో దూర్చి గోడ వెంబడి పైకెత్తి కట్టినాడు. కంపెనీ ఇచ్చిన పేరు, పాస్‌వర్డు కాగితముపై వ్రాసి బీరువాలో భద్రపరచినాడు. ఇంటిలో ఇప్పుడొక పిల్లి కూడ ఉన్నది.