మిషను గదికి కొద్ది ఖర్చుతో కొత్త రూపు

మన ఇళ్లలో కుట్టుమిషను లేని ఇల్లు అరుదు. పెళ్లినాడు జహేజ్‌లో వచ్చినదో, దాదీమా వాడి ఇచ్చినదో, వాయిదాల మీద కొన్నదో ఒక మిషను ఏదో ఒక మూల ఉంటుంది. హైదరాబాద్ పాతబస్తీలోనైనా, కర్నూలు, కడప, గుంటూరు వంటి పట్టణాల్లోనైనా ఆ మిషను మీదే నడిచే సంసారాలు ఎన్నో. పిల్లల ఫీజులు, కరెంటు బిల్లు, అమ్మీ మందులు ఆ కుట్టుకూలిలోంచే వస్తాయి. అయినా ఇంట్లోవాళ్లు దాన్ని “ఖాళీగా ఉన్నప్పుడు చేసుకునే పని” అనే అంటారు. అందుకే మిషనుకు దక్కేది కూడా ఇంట్లో మిగిలిపోయిన చోటే. మంచం పక్కనో, మెట్ల కిందో, వంటింటి గుమ్మం దగ్గరో దాన్ని పెట్టేస్తారు.

దీని మూల్యం కుట్టే ఆడమనిషి చెల్లిస్తుంది. సాయంత్రానికి నడుం పట్టేస్తుంది. కళ్లు మండుతాయి. ఖాతాదారు ఇచ్చిన ఖరీదైన గుడ్డ మీద కూర మరక పడితే ఆ వారం సంపాదన అంతా నష్టపరిహారానికే సరిపోతుంది. కాబట్టి మిషను ఉన్న చోటును సరిచేసుకోవడం షోకు కాదు, అవసరం. చేతిలో ఉన్న కొద్ది డబ్బును ముందు ఒంటికి సుఖమిచ్చే వాటి మీద, తర్వాత పని తేలిక చేసే వాటి మీద, ఆఖరున అందం మీద ఖర్చు పెట్టాలని మేము సలహా ఇస్తున్నాం. చాలామంది ఇందుకు తలకిందులుగా, రంగులతో, అల్మారాతో మొదలుపెడతారు. డబ్బు అక్కడే అయిపోతుంది.

ముందు వెలుతురు

అన్నిటికంటే తక్కువ ఖర్చుతో ఎక్కువ లాభమిచ్చేది వెలుతురు. మిషనును కిటికీ దగ్గరకు జరపడానికి పైసా ఖర్చు లేదు. కుడిచేతి వాటం వారికి వెలుతురు ఎడమవైపు నుంచి రావాలి. మిషను చెయ్యి కుడివైపున, సూది ఎడమవైపున ఉంటాయి కదా! వెలుతురు కుడివైపు నుంచి వస్తే మిషను నీడ, మన చేతి నీడ రెండూ కుట్టు మీదే పడతాయి. వెనుక గోడకు బిగించిన ట్యూబులైటుతో వచ్చే చిక్కు కూడా ఇదే. మన తల నీడ పని మీద పడుతుంది.

రాత్రిపూట కుట్టేవారు ఎడమవైపు, కంటికి నేరుగా తగలకుండా, 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బు ఒకటి కిందికి వేలాడేటట్టు పెట్టుకోవాలి. రోజుకు 8 గంటల చొప్పున 26 రోజులు వెలిగినా దానికి రెండు యూనిట్ల లోపే కరెంటు ఖర్చవుతుంది. మరో మాట. దారం రంగు మాత్రం పగటి వెలుతురులోనే కలుపుకోండి. బల్బు కింద సరిగ్గా కలిసిన దారం ఎండలోకి రాగానే వేరుగా కనిపించవచ్చు. డబ్బు మిగిలితే కిటికీ ఎదుటి గోడకు తెల్ల సున్నం వేయించండి. గది సగం చీకటి దానితోనే పోతుంది.

కూర్చునే ఎత్తు

రెండోది ఆసనం. చాలామంది వీపుకు ఆనుడు లేని ప్లాస్టిక్ స్టూలు మీద కూర్చుని గంటలకొద్దీ తొక్కుతారు. చేతులు లేని పాత చెక్క కుర్చీ ఇందుకు ఎంతో మేలు. రెండు పాదాలూ తొక్కుడు పలక మీద పూర్తిగా ఆనాలి. మోచేతులు మిషను బల్ల ఎత్తుకు సమంగా ఉండాలి. కుర్చీ పల్లమైతే భుజాలు పైకి లేస్తాయి, మెడ పట్టేస్తుంది. అప్పుడు పాత బొంతను గట్టిగా మడిచి సీటు మీద వేసుకుంటే చాలు, కొత్త కుర్చీ కొననక్కర్లేదు.

నేల మీద కూర్చుని చేతిమిషను తిప్పే వారు వీపు గోడకు ఆనేటట్టు కూర్చోవాలి. మిషను కింద గట్టి పీట వేస్తే వంగడం తగ్గుతుంది. ఎవరైనా సరే, అరగంటకొకసారి లేచి నిలబడాలి. కత్తిరింపు పనిని మధ్యమధ్య పెట్టుకుంటే ఈ నియమం దానంతటదే నెరవేరుతుంది.

పాత తలుపే కత్తిరింపు బల్ల

నేల మీద గుడ్డ పరిచి, మోకాళ్ల మీద వంగి కత్తిరించడం మన ఇళ్లలో అలవాటు. నడుము నొప్పికి ఇదొక పెద్ద కారణం. కొత్త బల్ల చేయిస్తే ఖర్చు ఎక్కువ. పాత ఇళ్లు పడగొట్టిన సామాను అమ్మే దుకాణాల్లో నున్నటి ఫ్లష్ తలుపు చవకగా దొరుకుతుంది. హైదరాబాద్‌లో ఉన్నవారు గురువారం నాడు జుమేరాత్ బజార్‌లో కూడా వెతకవచ్చు.

ఆరున్నర అడుగుల పొడవు, 30 అంగుళాల వెడల్పు ఉన్న తలుపు మన పనికి అతికినట్టు సరిపోతుంది. ఎలాగంటారా? 44 అంగుళాల పన్నా గుడ్డను సగానికి మడిస్తే 22 అంగుళాలు. 58 అంగుళాల పన్నా అయినా మడిస్తే 29 అంగుళాలే. రెండూ ఈ బల్ల మీద పడతాయి. కమీజ్, సల్వార్ పొడవు కూడా నిండుగా పరచుకోవచ్చు. తలుపుకు గొళ్లెం, పిడి ఉంటే తీసేసి, గరుకు కాగితంతో రుద్ది, రంధ్రాలు పూడ్చాలి. లేకపోతే జార్జెట్, షిఫాన్ గుడ్డల పోగులు లేచిపోతాయి.

ఎత్తుకు ఒక లెక్క ఉంది. నిలబడి మోచెయ్యి మడవండి. మోచేతికి నాలుగంగుళాలు కిందికి బల్ల ఉండాలి. అయిదడుగుల రెండంగుళాల మనిషికి అది 35 అంగుళాల చుట్టుపక్కల వస్తుంది. తలుపు కింద రెండు వైపులా వెల్డింగ్ షాపులో చేయించిన ఇనుప స్టాండ్లు పెట్టవచ్చు. ఇంట్లో ఉన్న ఇనుప సందూకులు పేర్చినా సరే, కదలకుండా నిలవాలి. సందూకుల్లో అస్తరు గుడ్డలు, మిగిలిన ముక్కలు దాచుకోవచ్చు.

గది 8 అడుగుల పొడవు, 7 అడుగుల వెడల్పు మాత్రమే ఉందనుకుందాం. పొడుగు గోడకు ఈ బల్ల రెండున్నర అడుగులు తీసుకుంటుంది. ఎదుటి గోడకు మిషను అడుగున్నర. మధ్యలో మూడడుగులు మిగులుతుంది. కుర్చీలో కూర్చున్న మనిషి వెనక్కి తిరిగితే చాలు, బల్ల చేతికి అందుతుంది. వేరే గదే లేని ఇంట్లో బల్లను గోడకు నిలబెట్టి, పనివేళకు మాత్రమే పరచుకోవాలి.

అద్దె ఇంట్లో గోడకు మేకులు

ఇంటి యజమాని మేకు కొట్టనివ్వడన్నది అద్దె ఇళ్లలో ఎక్కువగా వినిపించే మాట. అలాంటప్పుడు ఒక ప్లైవుడ్ పలకకు వరుసగా మేకులు కొట్టి, దాన్ని బల్ల మీద గోడకు ఆనించి నిలబెట్టండి. ఒక్కో మేకుకు ఒక్కో దారపు ఉండ. ఎండ తగలని వైపు పెడితే దారం రంగు వెలవదు, పెళుసెక్కదు. గుండీలు, హుక్కులు, ప్రెస్ బటన్లు ఖాళీ పచ్చడి సీసాల్లో వేసుకుంటే బయటికి కనిపిస్తాయి, వెతుకులాట తప్పుతుంది.

ఖాతాదారుల గుడ్డలకు ఒక్కో సంచి పెట్టండి. అందులోనే ఆది జాకెట్టు, కొలతల చీటీ, ఇచ్చే తేదీ ఉండాలి. రంజాన్ నెలలో ఈ సంచుల విలువ తెలుస్తుంది. చాంద్ రాత్ నాడు ఎవరి కుర్తా ఎక్కడుందో వెతుక్కునే పని ఉండదు. ఒక్కో బట్టకు కత్తెర కోసం, టేపు కోసం, బాబిన్ కోసం పది నిమిషాలు వెతుకుతారనుకోండి. రోజుకు నాలుగు బట్టలకు 40 నిమిషాలు. నెలకు 26 రోజుల పనిలో అది 17 గంటలు దాటుతుంది. అంటే రెండు రోజుల పని వెతుకులాటకే పోతుంది.

వచ్చే వారి కోసం

మన ఆడవాళ్లు దర్జీ దుకాణానికి పోకుండా ఇంటి మిషను దగ్గరకే రావడానికి కారణం పర్దా. కొలతలు తీసుకునేటప్పుడు వీధి తలుపు నుంచి గాని, ఇంట్లో మగవాళ్లు తిరిగే దారి నుంచి గాని చూపు పడకూడదు. గది మూలలో ఒక తాడు కట్టి, మందమైన పాత దుప్పటిని పరదాగా వేస్తే చాలు. లోపల ఒక అద్దం, రెండు కొక్కేలు ఉంటే ట్రయల్ కూడా అక్కడే అయిపోతుంది. ఇక్కడ అద్దానికి పెట్టే ఖర్చు వృథా కాదు. వేసుకుని చూసుకున్న వారికి నమ్మకం కలుగుతుంది, మళ్లీ వస్తారు.

కరెంటు, పిల్లలు జాగ్రత్త

మిషనుకు మోటారు బిగించుకున్నవారు మూడు కాళ్ల ప్లగ్గు, ఎర్తింగు ఉన్నాయో లేదో ఎలక్ట్రీషియన్‌కు చూపించి తీరాలి. మిషను ఒళ్లంతా ఇనుమే కాబట్టి వైరు దెబ్బతింటే షాక్ కొడుతుంది. 1000 వాట్ల ఇస్త్రీపెట్టె ఒక్కటే నాలుగు ఆంపియర్లకు పైగా లాగుతుంది. దాన్ని మోటారు, ఫ్యాను, బల్బు ఉన్న ఎక్స్‌టెన్షన్ బోర్డుకే తగిలించవద్దు. ఈ ఒక్క చోట పొదుపు పనికిరాదు.

చిన్నపిల్లలున్న ఇంట్లో అయస్కాంతాన్ని దారానికి కట్టి, లేచే ముందు నేల మీద తిప్పితే పడిపోయిన సూదులు, గుండుసూదులు అంటుకుని వస్తాయి. మిషనుకు నూనె వేశాక ముందు పనికిరాని గుడ్డ మీద కాసేపు నడపండి. వంటింటికి, కుట్టుబల్లకు మధ్య పాత చీర తెర అయినా ఉండాలి.

సాయం దొరికే దారి

2023 సెప్టెంబరు 17న మొదలైన పీఎం విశ్వకర్మ పథకంలోని 18 వృత్తులలో దర్జీ పని కూడా ఉంది. పనిముట్లకు 15 వేల రూపాయల వరకు సాయం, శిక్షణ, రుణం అందులో భాగం. ఒక కుటుంబంలో ఒక్కరికే వర్తిస్తుంది. దగ్గరలోని కామన్ సర్వీస్ సెంటర్‌లో దరఖాస్తుల సంగతి అడిగి తెలుసుకోవచ్చు.

ఇవన్నీ ఒకే నెలలో చేయనక్కర్లేదు. ఈ నెల బల్బు, కుర్చీ. వచ్చే నెల తలుపు బల్ల. ఆ తర్వాత సంచులు, పరదా, అద్దం. కరెంటు తనిఖీని మాత్రం వాయిదా వేయవద్దు. ఇంటి మగవాళ్లకు కూడా మాదొక మనవి. మీ దుకాణంలో గల్లాపెట్టెకు, తూకానికి చోటు చూసి పెట్టుకుంటారు కదా! ఇంట్లో సంపాదించే మిషనుకు కూడా అంతే గౌరవంగా చోటివ్వండి. తలుపు మోసుకొచ్చి, స్టాండ్లు బిగించే పని మీరు పంచుకుంటే కూలి ఖర్చు మిగులుతుంది, ఆమె నడుమూ మిగులుతుంది.