ఇంటి కంప్యూటరునకు తెలుగు వచ్చిన తెఱగు

కంప్యూటరు ఇండ్లలోనికి వచ్చినది మొదలు దానియందు పుట్టిన వింతలలో మిక్కిలి గొప్పది యేదియని ఒకనాటి సాయంకాలము మా యింటి అరుగుమీద ఉపాధ్యాయులు వాదించుకొనిరి. ఒకరు 1971 లో ఇంటెల్ వారు చేసిన 4004 అను చిన్న చిప్పు అనిరి. ఒకరు మౌసు అనిరి. మా వారు, 1989 లో టిమ్ బెర్నర్స్-లీ తలపెట్టిన వెబ్బునకు మించినది లేదనిరి. చాయ అందించుచుండిన మమ్ము ఎవరును అడుగలేదు. అడిగియుండినచో యూనికోడు అని చెప్పియుందుము. ఏల యనగా, అది లేనందున మా యింట కొంత సొత్తు పోయినది.

మా అత్తగారు దేవరకొండ ప్రాంతపు పల్లెలో పుట్టినవారు. అక్షరము రాదు, పాటలు మాత్రము గంపలకొలది వచ్చును. రోకటిపాటలు, జోలపాటలు, బతుకమ్మ పాటలు. 2009 లో ఆమె పాడుచుండగా నలువది పాటలు మేము నోటుపుస్తకమున వ్రాసికొంటిమి. బంధువులకు పంచుదమను ఆశతో పట్టణములోని ఒక డి.టి.పి. దుకాణమున టైపు చేయించితిమి. ముందుగా తప్పులు దిద్దుకొందుమని చెప్పి, అచ్చు తీయింపక, సీడీ మాత్రము తెచ్చుకొంటిమి. ఇంట దానిని తెఱచి చూడగా ఒక్క తెలుగు అక్షరము లేదు! ఆంగ్లాక్షరములు, ప్రశ్నార్థకములు, డాలరు గుర్తులు అడ్డదిడ్డముగా బారులు తీరియున్నవి. మరల పోయి అడుగగా, ఆ ఫాంటు మీ యింట లేదు గనుక అట్లగుపడుచున్నదనిరి. నోటుపుస్తకమేది యన్నచో వెదకి చూతుమనిరి. అది దొరకలేదు. మఱుసటి యేటికి ఆ దుకాణమే లేదు.

జరిగినదేమో మాకు తెలియుటకు చాలకాలము పట్టెను. కంప్యూటరునకు అక్షరమనగా ఒక అంకె. పాత ఫాంటులలో 256 గదులే యుండెడివి. వానిలో ఆంగ్లాక్షరముల యిండ్లను ఖాళీ చేయించి, మన తలకట్టు నొకదానియందు, కొమ్ము నొకదానియందు, ఒత్తు నింకొకదానియందు కూర్చుండబెట్టిరి. ఏ గదిలో ఏది యుండవలెనో ఒక్కొక్క ఫాంటువారు ఒక్కొక్క తీరున నిర్ణయించుకొనిరి. అనగా తెరమీద తెలుగు వేషమే గాని లోపల నున్నది ఆంగ్లమే. వేషము తీసిన మఱుక్షణము అసలురూపు బయటపడును.

ఇంతకంటె మన పూర్వుల సీసపు అక్షరములు మేలు. 1922 లోనే మా నల్లగొండనుండి నీలగిరి పత్రిక వెలువడెను. పాలమూరు జిల్లావారైన సురవరము ప్రతాపరెడ్డిగారు తెలంగాణమున కవులు లేరన్న మాటకు ఉత్తరముగా 354 మంది కవులను చేర్చి 1934 లో గోలకొండ కవుల సంచికను అచ్చువేసిరి. ఆ పుస్తకము చదువుటకు సీసపు అచ్చులు పాఠకుని యింట నుండనక్కఱలేదు గదా! డి.టి.పి. ఫాంటు మాత్రము చదువువారి యింట నుండితీరవలెను.

యూనికోడువారు 1991 లో తమ మొదటి సంపుటమును ప్రకటించిరి. లోకములోని ప్రతిలిపికి, ప్రతి అక్షరమునకు, మఱి దేనికిని చెందని అంకె యియ్యవలెనని వారి సంకల్పము. తెలుగునకు 128 స్థానములు కేటాయించిరి. ఆ పట్టికను చూచిననాడు మాకు చిన్ననాటి చదువు జ్ఞప్తికి వచ్చెను. బాలవ్యాకరణము మా నాయన యింటియందే మాచేత వల్లె వేయించినారు. ఆ వర్ణక్రమమే యిచ్చటను గలదు: అచ్చులు ముందు, పిదప హల్లులు, అకారము 3077, కకారము 3093. అరసున్నకును 3073 అను స్థానమున్నది. ఒత్తులకు వేఱు అంకెలు లేవు. క్షకారమునకు కకారము, పొల్లు, షకారము అను మూడంకెలను వరుసగా నుంచినచో చాలును. ఒత్తుగా మలచు పని ఫాంటుది. సూరిగారు చూచినచో సంతోషించెడివారని మేమనగా మా వారు నవ్విరి.

2001 లో విండోసు ఎక్స్‌పీతో గౌతమి అను తెలుగు ఫాంటు వచ్చెను. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియా మొదలయ్యెను. నేడు వంటయింటి గట్టుమీద ఫోనునుంచుకొని, భాగవతములో తెలియని పదమును ఆంధ్రభారతి నిఘంటువులలో వెదకికొనుచున్నాము. దుకాణమువారి తెలుగున ఒక పదమును వెదకుట సాధ్యమా? ఒక ఫాంటులో వ్రాసినది మఱియొక ఫాంటువారికి దొరకనే దొరకదు.

మా సీడీ మాట మఱచితిమనుకొందురేమో. మా వారి పూర్వవిద్యార్థి యొకడు 2016 లో ఆ ఫాంటు ఏదియో కనిపెట్టి, పాత అంకెలను యూనికోడునకు మార్చు సాధనముతో పాటలను చాలవఱకు తెప్పించెను. అయితే నకలు తీయుటలో కొన్ని అంకెలు జారిపోయినవి. ఆయా చోటుల అక్షరములు లేవు. అత్తగారిని ప్రక్కన కూర్చుండబెట్టుకొని దిద్దుట మొదలిడితిమి. మేము చదువుదుము, ఆమె ఆపి పాడును. ముప్పదియొక్క పాట ముగిసినది. ఆ చలికాలముననే ఆమె పోయిరి.

మిగిలిన తొమ్మిదింటిలో ఒక రోకటిపాట కలదు. అందు కోడలు పుట్టింటినుండి తెచ్చుకొన్న గవ్వలను అత్తకు తెలియకుండ దాచును. ఎచ్చట దాచెనో చెప్పు పదములో 'గు' అను అక్షరమొక్కటే నిలిచినది. గుమ్మియో, గుల్లయో? పాట నడకకు రెండును ఒదుగును. మేమే ఒకటి యెంచి వ్రాయుటకు చేయి రాలేదు, చుక్కలుంచితిమి. అత్తగారి చెల్లెలు కల్వకుర్తి వైపున నున్నారు. ఎనుబదియేండ్లు దాటినవి, వినికిడి తక్కువ. బతుకమ్మ పండుగకు పోయి ఆమెచేత పాడించుకొని రావలెనని యున్నాము.