క్యాపు కింద నీలి వెలుగు

దివిసీమలో పీతల పులుసు వండిన రోజు పళ్లకు గట్టి పనే పడుతుంది. కోడూరు, నాగాయలంక వైపు పీత కాళ్లను పళ్లతోనే కొరికి పగలగొట్టేవాళ్లకు కొదవ లేదు. ఆ పళ్లలో ఒకటి రూట్ కెనాల్ చేయించుకుని పైన పింగాణీ క్యాపు వేయించుకున్నదైతే, కొరికిన ప్రతిసారీ పడే బరువు ఒక పల్చటి పొర మీదుగానే కింది పంటికి చేరాలి. పన్నుకూ క్యాపుకూ మధ్య ఉండే సిమెంటు పొర అది. క్యాపు చక్కగా కుదిరితే దాని మందం మిల్లీమీటరులో పదో వంతుకు అటూ ఇటూగా ఉంటుంది. క్యాపు ఏ కంపెనీది, ఎంతవుతుంది, ఎన్నేళ్ల గ్యారంటీ అని అందరూ అడుగుతారు. కింద వేసిన సిమెంటు సరిగ్గా గట్టిపడిందా అని అడిగేవాళ్లు అరుదు. క్యాపు ఎన్నాళ్లు నిలుస్తుందో చాలావరకు తేల్చేది మాత్రం అదే.

బందరులోనూ గుడివాడలోనూ పళ్ల డాక్టరు దగ్గరికి వెళ్తే ఇప్పుడు రకరకాల క్యాపుల పేర్లు వినిపిస్తాయి. లోహపు క్యాపు, లోహం మీద పింగాణీ పూసినది, అచ్చంగా పింగాణీతోనే చేసినవి. ఈ చివరి వాటిలో రెండు ముఖ్యమైనవి. ఒకటి లిథియం డైసిలికేట్. ఇది గాజు జాతికి చెందినది, వెలుగును కొంత లోపలికి రానిస్తుంది, అందుకే సహజమైన పన్నులా కనిపిస్తుంది. రెండోది జిర్కోనియా. మన ఆంధ్ర తీరపు ఇసుకలో ఇల్మనైట్, గార్నెట్‌లతో పాటు దొరికే జిర్కాన్ అనే ఖనిజమే దీనికి మూలం. గట్టిదనంలో జిర్కోనియాదే పైచేయి, కానీ వెలుగును అంత సులువుగా పోనివ్వదు.

లోహపు క్యాపును, పంటి మీద బిగుతుగా కూర్చునే జిర్కోనియా క్యాపును తనంతట తానే గట్టిపడే మామూలు సిమెంటుతో అతికించవచ్చు. గాజు జాతి పింగాణీకి, ముందు పళ్ల మీద అతికించే పల్చటి వెనీర్లకు అది చాలదు. వాటికి రెసిన్ సిమెంటు కావాలి. నీలి లైటు అవసరం వచ్చేది ఇక్కడే.

రెసిన్ సిమెంటు ట్యూబులోంచి వచ్చేటప్పుడు మెత్తటి ముద్ద. అందులో కాంఫర్‌క్వినోన్ అనే పసుపుపచ్చని పదార్థం కొద్దిగా కలిపి ఉంటుంది. నీలి వెలుగును, అందులోనూ 468 నానోమీటర్ల దగ్గరి కాంతిని అది బాగా పీల్చుకుంటుంది. పీల్చుకోగానే తోడుగా ఉన్న అమీన్ అనే పదార్థంతో కలిసి రసాయన చర్యను రగిలిస్తుంది. విడివిడిగా ఉన్న చిన్న అణువులు ఒకదాని చెయ్యి ఒకటి పట్టుకుని గొలుసులుగా, ఆ గొలుసులు వలగా మారతాయి. ముద్ద రాయిలా బిగుస్తుంది. అయితే అన్ని అణువులూ ఎప్పుడూ కలవవు. మంచి వెలుగు పడినప్పుడు కూడా కలిసేవి సుమారు సగం నుంచి మూడు వంతుల దాకానే. వెలుగు తగ్గితే ఆ లెక్క ఇంకా పడిపోతుంది.

ఈ విద్య వయసు పెద్దదేం కాదు. పంటి ఎనామెల్‌ను ఆసిడ్‌తో గరుకు చేస్తే రెసిన్ గట్టిగా అంటుకుంటుందని అమెరికాలో మైకేల్ బ్యూనకోర్ 1955లో చూపించాడు. నేటికీ పళ్ల రెసిన్లకు ఆధారమైన బిస్-జీఎంఏ మీద రఫేల్ బోవెన్ 1962లో పేటెంటు పొందాడు. 1970లలో మొదట అతినీలలోహిత కాంతి వాడారు. అది లోతుకు వెళ్లేది కాదు, పైగా కళ్లకు ప్రమాదం. తర్వాత హాలొజెన్ బల్బుతో నీలి వెలుగు వచ్చింది. గాజు జాతి పింగాణీని కూడా ఆసిడ్‌తో గరుకు చేసి అతికించే పద్ధతి 1983లో వెలుగు చూసింది. జపాన్‌లో షూజి నకమురా 1993లో ప్రకాశవంతమైన నీలి ఎల్ఈడీని తయారు చేశాక లైటు చేతిలో ఇమిడే బ్యాటరీ పరికరమైంది. ఆ నీలి ఎల్ఈడీకే 2014లో మరో ఇద్దరితో కలిపి ఆయనకు భౌతికశాస్త్ర నోబెల్ దక్కింది.

పిప్పి పన్నును పూడ్చేటప్పుడు లైటు నేరుగా రెసిన్ మీదే పడుతుంది. క్యాపు విషయంలో అలా కాదు. మధ్యలో పింగాణీ అడ్డు. వచ్చిన వెలుగులో కొంత పైనుంచే తిరిగి పోతుంది, కొంత లోపల చెల్లాచెదురవుతుంది, కొంతను పింగాణీయే మింగేస్తుంది. మిల్లీమీటరు మందం దాటితే సగానికి పైగా వెలుగు పోవడం ప్రయోగశాలల్లో మామూలుగా కనిపించే సంగతే.

లెక్క వేసి చూడొచ్చు. చదరపు సెంటీమీటరుకు 1000 మిల్లీవాట్ల బలమున్న లైటును 20 సెకన్లు పెడితే అందే శక్తి 20 జౌల్స్. రెసిన్ చక్కగా గట్టిపడాలంటే 16 జౌల్స్ దాకా కావాలని పరిశోధకులు తరచుగా చెబుతుంటారు. పింగాణీ దాటి నాలుగో వంతు వెలుగే కిందికి దిగితే సిమెంటుకు చేరేది 5 జౌల్సే. లైటు అదే, డాక్టరు అదే, పెట్టిన సమయమూ అదే. కానీ కింద సిమెంటు సగం ఉడికిన అన్నంలా మిగిలిపోతుంది.

రంగు కూడా లెక్కలోకి వస్తుంది. తెల్లటి క్యాపు కన్నా ముదురు రంగు క్యాపు ఎక్కువ వెలుగును ఆపుతుంది. నల్గొండ, ప్రకాశం జిల్లాల్లో ఫ్లోరైడ్ నీళ్లు తాగి పళ్లు గోధుమరంగు తేలినవాళ్ల ఇబ్బంది ఇక్కడ రెట్టింపవుతుంది. ఆ మచ్చ పైకి కనపడకుండా ఉండాలంటే వెనీర్ మందంగా ఉండాలి, లేదా వెలుగు చొరనివ్వనిదై ఉండాలి. మచ్చను కప్పే గుణమే సిమెంటుకు చేరాల్సిన వెలుగునూ అడ్డుకుంటుంది. అలాంటివాళ్లకు అతికించేటప్పుడు డాక్టరు మరింత జాగ్రత్త తీసుకోక తప్పదు.

అతికించే ఘడియ దగ్గర నిలబడి చూస్తే ఎంత ఓపిక కావాలో తెలుస్తుంది. లిథియం డైసిలికేట్ క్యాపు లోపలి వైపును నోటి బయటే 5 శాతం హైడ్రోఫ్లోరిక్ ఆసిడ్‌తో 20 సెకన్లు గరుకు చేస్తారు. కడిగి, ఆరబెట్టి, సైలేన్ అనే ద్రవం పూస్తారు. పన్నును శుభ్రం చేసి బాండింగ్ మందు రాస్తారు. సిమెంటు వేసి క్యాపును పంటి మీద నొక్కగానే అంచుల చుట్టూ ముద్ద పొంగి బయటికి వస్తుంది. రెండు మూడు సెకన్లు లైటు చూపిస్తే అది జిగురుగా బిగుసుకుంటుంది. అప్పుడు మొనదేలిన పరికరంతో, పళ్ల సందుల్లో దారంతో దాన్ని తీసేస్తారు. అసలు లైటు ఆ తర్వాతే. పై నుంచి, బుగ్గ వైపు నుంచి, నాలుక వైపు నుంచి, ఒక్కో వైపు విడివిడిగా పెట్టాలి.

తొందరపడితే పొరపాటు జరిగేదీ ఇక్కడే. అంచు దగ్గరి సిమెంటుకు పక్క నుంచి నేరుగా వెలుగు తగులుతుంది కనుక అది త్వరగా రాయిలా అవుతుంది. పరికరంతో గీరి చూస్తే ‘గట్టిపడింది’ అనిపిస్తుంది. క్యాపు నడిబొడ్డు కింద ఉన్న సిమెంటు సంగతి ఆ గీతలో తెలియదు. అక్కడ సరిగ్గా బిగుసుకోని సిమెంటు నెమ్మదిగా అరుగుతుంది, ఉమ్మి లోపలికి ఊరుతుంది, అంచుల్లో రంగు మారుతుంది, కింద పన్ను మళ్లీ పుచ్చుతుంది. గాజు జాతి పింగాణీకి కింద ఆసరా తగ్గితే పగుళ్లు రావచ్చు. ప్రాణమున్న పంటి మీదైతే కలవకుండా మిగిలిన అణువులు నరం దాకా చేరి జివ్వుమనిపించవచ్చు.

దీనికి విరుగుడుగా వచ్చినవే డ్యూయల్ క్యూర్ సిమెంట్లు. ఇవి లైటుతోనూ గట్టిపడతాయి, రెండు ముద్దలు కలిసినప్పుడు జరిగే రసాయన చర్యతోనూ గట్టిపడతాయి. మందమైన క్యాపులకు ఇవే తగినవి. అలాగని లైటు అక్కర్లేదనుకోకూడదు. వీటిలో చాలా సిమెంట్లు వెలుగు తగలకపోతే పూర్తి బలానికి రావు. పల్చటి వెనీర్లకు మాత్రం లైటుతోనే గట్టిపడే సిమెంటు మేలంటారు. డ్యూయల్ క్యూర్ రకాల్లో ఉండే కొన్ని అమీన్లు ఏళ్లు గడిచేకొద్దీ పసుపు తేలి, ముందు పళ్ల రంగును చెడగొట్టవచ్చు.

లైటు పరికరాన్ని కూడా నమ్మి ఊరుకోకూడదు. కొసకు ఎండిన రెసిన్ అంటుకుంటే బలం తగ్గుతుంది. పాతబడినా, కొన్ని పరికరాల్లో బ్యాటరీ నీరసించినా అంతే. మామూలు కంటికి నీలి వెలుగు ఎప్పటిలాగే కనిపిస్తుంది, తేడా చెప్పేది వెలుగు బలాన్ని కొలిచే రేడియోమీటరే. కొస పంటికి దూరంగా జరిగినా, ఏటవాలుగా పట్టినా వెలుగు తగ్గుతుంది. అలాగని ఒకే చోట ఆపకుండా పెడితే పన్ను వేడెక్కుతుంది, మధ్యలో చల్లగాలి కొట్టాలి. సముద్రపు తేమ నిండిన తీరప్రాంతంలో తడితోనూ పేచీయే. బాండింగ్ మందుకు తేమ పడదు, ఉమ్మి అసలే పడదు. అందుకే పంటి చుట్టూ రబ్బరు షీటు కడతారు.

గన్నవరం దగ్గర చినఅవుటపల్లిలో సిద్ధార్థ డెంటల్ కాలేజీ ఉంది, విజయవాడలో ప్రభుత్వ దంత వైద్య కళాశాల ఉంది. పింగాణీ బిళ్ల కింద రెసిన్ పెట్టి, లైటు వేసి, ఎంత గట్టిపడిందో కొలిచే ప్రయోగాలు దేశంలోని డెంటల్ కాలేజీల పీజీ చదువుల్లో మామూలే. ఆ కొలతలు పుస్తకాల్లో ఉండిపోకుండా ఊళ్లలోని చిన్న క్లినిక్కుల దాకా రావాలి. రేడియోమీటరు పెద్ద ఖరీదైన వస్తువేం కాదు. ప్రతి క్లినిక్కులోనూ ఒకటి ఉండాలి, దానితో లైటును తరచు పరీక్షించాలి.

క్యాపు వేయించుకోబోయేవాళ్లు మొహమాటపడకుండా మూడు సంగతులు అడగండి: ఏ రకం పింగాణీ వేస్తున్నారు, ఏ సిమెంటుతో అతికిస్తున్నారు, లైటు బలాన్ని ఎప్పుడు పరీక్షించారు. లైటు పెడుతున్నంతసేపు నోరు కదపకండి, నారింజరంగు అద్దాలు ఇస్తే తప్పక పెట్టుకోండి, నీలి వెలుగు వైపు చూడకండి. మొదటి రోజు ఆ వైపు గట్టివి నమలకండి. కొరికితే నొప్పి పుట్టినా, అంచు దగ్గర నల్లగీత కనిపించినా, క్యాపు కాస్త కదిలినట్టు అనిపించినా ఊడేదాకా ఆగకుండా వెంటనే డాక్టరుకు చూపించండి.