పళ్లెంలో అన్నం ఎంత, పప్పు ఎంత?

వంద గ్రాముల బియ్యంలో దాదాపు 78 గ్రాములు పిండిపదార్థమే. ప్రోటీన్ 8 గ్రాములకు మించదు. అదే వంద గ్రాముల కందిపప్పులో సుమారు 22 గ్రాముల ప్రోటీన్ ఉంటుంది. ఇంత తేడా ఎందుకో తెలియాలంటే పొలంలోకి వెళ్లాలి.

చక్కెర తయారీ మొక్కకు తేలిక. కార్బన్ డయాక్సైడ్ 264 గ్రాములు, నీరు 108 గ్రాములు, పైన ఎండ ఉంటే చాలు. 180 గ్రాముల గ్లూకోజ్ తయారై, 192 గ్రాముల ఆక్సిజన్ బయటికి వస్తుంది. ఆ చక్కెరలో కొంత అప్పటికప్పుడే ఖర్చవుతుంది, కొంత వేళ్లకూ గింజలకూ చేరుతుంది, కొంత పిండిగా మారి నిల్వ ఉంటుంది. మనం తినే అన్నం, వరి తన మొలక కోసం గింజలో దాచిపెట్టిన నిల్వే.

చిక్కంతా ప్రోటీన్ దగ్గరే. దాని బరువులో సుమారు 16 శాతం నత్రజని. గాలిలో 78 శాతం నత్రజనే ఉన్నా మొక్క దాన్ని నేరుగా వాడుకోలేదు. నత్రజని చాలని వరిలో ముందు కింది ముదురాకులు పసుపెక్కుతాయి. పాత ఆకుల్లోని ప్రోటీన్‌ను విడగొట్టి లేత ఆకులకు పంపుతోందన్నమాట. రైతు యూరియా చల్లేది ఈ లోటు తీర్చడానికే. 45 కిలోల బస్తాలో నత్రజని 20.7 కిలోలు.

కంది దారి వేరు. మొక్కను మట్టితో సహా మెల్లగా తవ్వి తీస్తే వేళ్ల మీద చిన్నచిన్న బుడిపెలు కనిపిస్తాయి. ఒకదాన్ని చిదిమి చూడండి. లోపల ఎర్రగా ఉంటే రైజోబియం బ్యాక్టీరియా పని చేస్తున్నట్టే. అది గాలిలోని నత్రజనిని మొక్కకు పనికొచ్చేలా మార్చి ఇస్తుంది, బదులుగా కంది తన చక్కెరను పెట్టి దాన్ని పోషిస్తుంది.

ఇక మన సంగతి. పిండి, చక్కెర ప్రధానంగా శక్తినిస్తాయి, గ్రాముకు 4 కిలోకాలరీలు. కండ కట్టాలంటే ప్రోటీన్ కావాలి. ప్రోటీన్‌కు కావలసిన 20 అమైనో ఆమ్లాలనూ మొక్క తానే తయారు చేసుకుంటుంది. మనకు అందులో 9 తిండి నుంచే రావాలి. బియ్యంలో లైసిన్ తక్కువ, పప్పులో మిథియోనిన్ తక్కువ. పప్పన్నంలో ఒకదాని లోటును మరొకటి తీరుస్తుంది.

హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ లెక్క ప్రకారం కిలో బరువుకు రోజుకు 0.83 గ్రాముల ప్రోటీన్ కావాలి. అంటే 60 కిలోల మనిషికి 50 గ్రాములు. 300 గ్రాముల బియ్యంతో 24, పల్చటి చారులోని 30 గ్రాముల పప్పుతో ఆరున్నర గ్రాములు వస్తాయి. ఇంకా 20 గ్రాములు తక్కువ. దాన్ని అన్నంతోనే పూడ్చాలంటే మరో 250 గ్రాముల బియ్యం వండాలి, దాంతోపాటు 195 గ్రాముల పిండిపదార్థం అదనంగా ఒంట్లోకి పోతుంది. పప్పును 85 గ్రాములకు పెంచి, ఒక గుడ్డు, కప్పు పెరుగు చేరిస్తే లెక్క సరిపోతుంది.

కొనగలిగిన ఇళ్లలో ఇది రేపే చేయొచ్చు. కొనలేని ఇళ్ల మాటేమిటి? 2013 ఆహార భద్రతా చట్టం సాధారణ లబ్ధిదారు కుటుంబాల్లో మనిషికి నెలకు 5 కిలోల ధాన్యాన్ని హక్కుగా ఇచ్చింది. రేషన్‌లో పప్పుకు ఆ హక్కు లేదు, ఇవ్వాలి.