ఓ తలనొప్పి.. షర్టుల కథనే మార్చేసింది!

కొత్త బట్టల వాసన అంటే మనలో చాలామందికి ఇష్టం. కానీ 1988లో అమెరికాలోని బోస్టన్‌లో కొత్తగా తెరిచిన ఓ బట్టల షాపులో కొద్దిరోజులకే సిబ్బందికి తలనొప్పులు మొదలయ్యాయి. ఆరా తీస్తే అసలు సంగతి బయటపడింది. షాపులోకి సరిగా గాలి రావట్లేదు. పైగా కింద నిల్వ ఉంచిన కాటన్ బట్టల నుంచి ఫార్మాల్డిహైడ్ ఆవిరి వస్తోంది. బట్ట కుంచించుకుపోకుండా, ముడతలు పడకుండా కలిపే రసాయనం అది!

ఆ షాపు పటగోనియాది. కొండలెక్కేవాళ్లకి, పరుగెత్తేవాళ్లకి బట్టలు అమ్మే కంపెనీ. ఫ్యాన్ బాగుచేసి వదిలేయొచ్చు. వాళ్లు వదల్లేదు. అసలు మన కాటన్ ఎక్కడి నుంచి వస్తోందని వెనక్కి తవ్వుకుంటూ పోతే పురుగుమందుల్లో మునిగిన పొలాలు కనిపించాయి. ఉద్యోగుల్ని బస్సుల్లో కాలిఫోర్నియా పత్తి చేలకి తీసుకెళ్లి చూపించారు. 1996 నుంచి తమ కాటన్ మొత్తాన్నీ సేంద్రియ పత్తికి మార్చేశారు. పత్తికి మందు కొట్టడం అంటే ఏంటో ఆదిలాబాద్, వరంగల్, గుంటూరు వాళ్లకి ఎవరూ చెప్పక్కర్లేదు కదా!

‘ఈ జాకెట్ కొనకండి’

నాకు ఇంకా నచ్చింది 2011 నాటి సంగతి. అమెరికాలో జనం షాపుల మీద ఎగబడే బ్లాక్ ఫ్రైడే రోజున, ఈ కంపెనీ తన జాకెట్ ఫొటో వేసి ‘దీన్ని కొనకండి’ అని న్యూయార్క్ టైమ్స్‌లో ఫుల్‌పేజీ ప్రకటన ఇచ్చింది. ఆ ఒక్క జాకెట్‌కే 135 లీటర్ల నీళ్లు ఖర్చయ్యాయని తనే లెక్క చెప్పింది. అది 60 శాతం రీసైకిల్డ్ పాలిస్టర్‌తో చేసింది.. అయినా సరే! తమాషా ఏంటంటే, ఆ తర్వాత కంపెనీ అమ్మకాలు పెరిగాయి. అందుకే ఇది కూడా ఓ మార్కెటింగ్ ఎత్తేనని విమర్శించినవాళ్లూ ఉన్నారు. కానీ చిరిగిన బట్టల్ని బాగుచేసివ్వడం, పాతవి తీసుకుని మళ్లీ అమ్మడం లాంటివి మాత్రం ఆ కంపెనీ నిజంగానే చేస్తోంది.

మరి మన సంగతి?

నేను వారానికి నాలుగు రోజులు పొద్దున్నే పరుగెత్తుతా. నా బీరువాలో సగం ‘ఫినిషర్’ టీషర్టులే. ప్రతి రేసుకీ ఒకటి, దాదాపు అన్నీ పాలిస్టరే. కాటన్ చెమటని పీల్చి బరువెక్కుతుంది, పాలిస్టర్ త్వరగా ఆరుతుంది. అందుకే మనకి అదంటే ఇష్టం. కానీ ఉతికిన ప్రతిసారీ దాన్నుంచి కంటికి కనపడని ప్లాస్టిక్ నూలుపోగులు నీళ్లలో కలుస్తాయి. ప్లాస్టిక్ సీసాలతో చేసిన టీషర్టుకైనా ఇదే తంటా. ఇక సాగే లెగ్గింగ్స్‌లో పాలిస్టర్‌తో పాటు ఎలాస్టేన్ కలిసి ఉంటుంది. రెండింటినీ విడదీసి మళ్లీ నూలు తీయడం చాలా కష్టం.

కాబట్టి షాపులో ఆకుపచ్చ ట్యాగ్ కనిపిస్తే నేను మూడు విషయాలు చూస్తా.

* ‘ఎకో’, ‘నేచురల్’ అన్న మాటలు కాదు, లోపలి లేబుల్ మీది శాతాలు చదవాలి. సేంద్రియ కాటన్ అయితే జీఓటీఎస్, రీసైకిల్డ్ అయితే జీఆర్‌ఎస్ ముద్ర ఉందేమో చూడాలి.

* లోపలికి తిప్పి కుట్లు లాగి చూడాలి. చంకలో, తొడల దగ్గర కుట్టు వదులైతే ఏ ట్యాగూ కాపాడదు.

* ‘జిప్ పోతే బాగుచేస్తారా?’ అని అడగాలి. అవునంటే ఆ షాపుని నమ్మొచ్చు.

ఇంటికొచ్చాక పని ఇంకా తేలిక. చన్నీళ్లలో ఉతకండి, నీడలో ఆరేయండి. వేడికి ఎలాస్టిక్ సాగిపోతుంది. ఫ్యాబ్రిక్ కండిషనర్ వాడొద్దు, చెమట పీల్చే గుణం తగ్గిపోతుంది. చిన్న చిరుగులకి రఫూ చేసేవాళ్లు, ఆల్టరేషన్ టైలర్లు మన వీధుల్లో ఇంకా ఉన్నారు.

రెండు వేలు పెట్టి ‘గ్రీన్’ టీషర్టు కొని ఆరు నెలల్లో పక్కన పడేస్తే భూమికి ఒరిగేదేమీ లేదు. బీరువాలో ఉన్న పాతదే ఇంకో వంద పరుగులకి వాడితే కచ్చితంగా ఉంటుంది. పైగా డబ్బులూ మిగుల్తాయి!